ట్యాప్ డెన్సిటీ టెస్టర్: ఏళ్ల వాడకం తర్వాత

పౌడర్ హాపర్‌లోంచి (యంత్రానికి పౌడర్ అందించే గరాటులాంటి తొట్టి) సాఫీగా దిగుతుందా లేదా తేల్చడానికి చాలా ల్యాబ్‌లలో ముందుగా అందుకునేది ట్యాప్ డెన్సిటీ టెస్టరే. ఈ సమీక్ష రెండు సిలిండర్లు పట్టే రకం గురించి: 14 మి.మీ. ఎత్తు నుంచి, నిమిషానికి 300 ట్యాప్‌లు. యంత్రం మొండిది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫలితాల్లో వచ్చే తేడాలు మాత్రం చాలావరకు మోటారు ఆన్ చేయకముందే మొదలవుతాయి.

యంత్రంలో పెద్ద మర్మమేమీ లేదు. మోటారు క్యామ్‌ను (ఒకవైపు ఉబ్బెత్తుగా ఉండే చక్రం) తిప్పుతుంది. క్యామ్ షాఫ్ట్‌ను పైకెత్తి వదిలేస్తే సిలిండర్ హోల్డర్‌తో సహా కింద పడుతుంది. ఆ దెబ్బలకు రేణువుల మధ్య ఖాళీలు తగ్గి పౌడర్ కిందికి సర్దుకుంటుంది. మొదట ఆక్రమించిన చోటుకీ, సర్దుకున్నాక ఆక్రమించిన చోటుకీ ఉన్న నిష్పత్తే హాస్నర్ రేషియో. తగ్గిన చోటును మొదటి చోటులో శాతంగా చెబితే కార్ ఇండెక్స్. రెండూ ఒకే కొలతకు రెండు రూపాలు, ఒకటి తెలిస్తే రెండోది కాగితం మీద వచ్చేస్తుంది. రిపోర్టుల్లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, రెండు పరీక్షలూ ఏకీభవించాయని రాసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

అసలు కష్టమంతా మొదటి రీడింగ్‌లోనే. పౌడర్‌లో గడ్డలుంటే 1 మి.మీ. కన్నా చిన్నవి కాని రంధ్రాలున్న జల్లెడలోంచి మెల్లగా దించాలి, చేత్తో రుద్దకూడదు. 100 గ్రాములు తూచి, 2 మి.లీ. గీతలున్న 250 మి.లీ. గాజు సిలిండర్‌లో వదులుగా పోయాలి. పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటే సన్నని గరిటెతో అదమకుండా చదును చేయాలి. చదును అవుతుంది కదా అని సిలిండర్‌ను బెంచ్ మీద ఒక్కసారి తట్టారంటే పరీక్ష అక్కడితో చెడినట్టే. లెక్క చూడండి. 100 గ్రాముల పౌడర్ మొదట 182 మి.లీ., ట్యాప్‌ల తర్వాత 140 మి.లీ. ఉందనుకుందాం. హాస్నర్ 1.30, కార్ 23 శాతం, అంటే ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) పట్టికలో ‘పాసబుల్’, ఏదో నడుస్తుందనే రకం. ఆ ఒక్క తట్టుకు మొదటి రీడింగ్ 174కి దిగితే హాస్నర్ 1.24, కార్ 19.5 అవుతాయి, అదే పౌడర్ ఒక మెట్టు మెరుగైన ‘ఫెయిర్’ వరుసలోకి ఎక్కేస్తుంది. పౌడర్ మారలేదు, తట్టిన చెయ్యి మారింది. ఇద్దరు అనలిస్టుల ఫలితాలు కలవనప్పుడు యంత్రాన్ని అనుమానించే ముందు ఇద్దరూ సిలిండర్ నింపే పద్ధతిని పక్కన నిలబడి చూడండి.

తేలికపాటి పౌడర్లు 100 గ్రాములు సిలిండర్‌లో పట్టవు. అప్పుడు పోసిన పౌడర్ 150, 250 మి.లీ. మధ్య నిలిచేలా బరువు తగ్గించి, ఆ బరువును రిపోర్టులో రాయాలి.

ఇక కౌంటర్. రీడింగ్‌లు 10, 500, 1250 ట్యాప్‌ల దగ్గర తీయాలి, ఇవి మొదటి నుంచి కలిపిన లెక్క. కొన్ని మోడళ్లలో ప్రతి స్టార్ట్‌కూ కౌంటర్ సున్నా నుంచి మొదలవుతుంది. అలాంటిదాంట్లో 10, 490, 750 అని సెట్ చేయాలి. తెలియక 10, 500, 1250 అనే కొడితే మొత్తం 1760 ట్యాప్‌లు పడతాయి. 500కీ 1250కీ తేడా 2 మి.లీ. లేదా అంతకన్నా తక్కువైతే 1250 దగ్గరి రీడింగ్‌నే తీసుకోవాలి. ఎక్కువైతే తేడా ఆ హద్దులోకి వచ్చేదాకా మరో 1250 చొప్పున కొనసాగించాలి. ట్యాప్‌ల తర్వాత పైభాగం ఏటవాలుగా నిలిస్తే ఎత్తైన అంచు, పల్లపు అంచు రెండూ చదివి సగటు రాసుకోవడం మేలు. ట్యాప్ చేస్తూనే సిలిండర్‌ను తిప్పే మోడళ్లలో ఈ బెడద తక్కువ. కొనేటప్పుడు ఆ సౌకర్యం అడగండి, దానికి పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

రీడింగ్ ఎంతకీ నిలవకుండా తగ్గుతూనే ఉంటే పౌడర్‌ను తిట్టుకోకముందు గ్రాన్యూల్స్ (పొడిని ముద్దకట్టి చేసిన చిన్న పలుకులు) సంగతి చూడాలి. పెళుసు గ్రాన్యూల్స్ 14 మి.మీ. దెబ్బలకు చితికి సన్నపొడి అవుతాయి, ఆ పొడి ఖాళీల్లోకి దూరుతుంది. పరీక్షకు ముందూ తర్వాతా అదే నమూనాను జల్లెడ పడితే విషయం బయటపడుతుంది. చితుకుతున్నట్టు తేలితే 3 మి.మీ. డ్రాప్, నిమిషానికి 250 ట్యాప్‌ల పద్ధతికి మారవచ్చు. కానీ ఆ ఫలితాన్ని 14 మి.మీ. ఫలితంతో పోల్చకూడదు, ఏ పద్ధతో రిపోర్టులో రాయాలి.

మెయింటెనెన్స్ తక్కువే అయినా అసలు లేకుండా కుదరదు. వేగం సరిచూడటానికి స్టాప్‌వాచ్ చాలు: 1250 ట్యాప్‌లు 4 నిమిషాల 10 సెకన్లలో పూర్తవ్వాలి. నిమిషానికి 300కి 15 అటూ ఇటూ అనుమతి ఉంది గనుక 3:58, 4:23 మధ్య ఎక్కడున్నా సరే. డ్రాప్ ఎత్తు మాత్రం డిస్‌ప్లే చెప్పదు. క్యామ్ అరిగేకొద్దీ 14 మి.మీ. క్రమంగా తగ్గుతుంది, కౌంటర్ మాత్రం నిశ్చింతగా లెక్కపెడుతూనే ఉంటుంది. షాఫ్ట్ గైడ్‌లోకి సన్నపొడి చేరి, గ్రీజుతో కలిసి ముద్దయినా ఇంతే: షాఫ్ట్ స్వేచ్ఛగా పడదు, దెబ్బ మెత్తబడుతుంది. చేత్తో క్యామ్‌ను నిదానంగా తిప్పి, షాఫ్ట్ పైకెళ్లిన ఎత్తును హైట్ గేజ్‌తో కొలవడం కాలిబ్రేషన్ షెడ్యూల్‌లో ఉండి తీరాలి.

పగిలిన గాజు సిలిండర్ స్థానంలో చేతికందిన ప్లాస్టిక్‌ది పెట్టడం ఇంకో అలవాటు. 250 మి.లీ. సిలిండర్ బరువు 220 గ్రాములకు 44 అటూ ఇటూ, హోల్డర్ 450కి 10 అటూ ఇటూ ఉండాలని నియమం. బరువు తగ్గితే దెబ్బ బలం తగ్గుతుంది. పైగా ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్ ఎక్కి పౌడర్ గోడలకు అంటుకుంటుంది, పై గీత ఎక్కడుందో చదవడం కష్టమవుతుంది.

ఈ యంత్రం చెప్పలేనిది ఒకటుంది: హాపర్ మూతి దగ్గర పౌడర్ కమానులా కట్టుకుని ఆగిపోతుందా అని. సర్దుకునే గుణమూ పారే గుణమూ తరచూ కలిసి నడుస్తాయి, ఎప్పుడూ కాదు. హాస్నర్ 1.25 దాటిన పౌడర్‌ను రంధ్రాల పళ్లేల పరికరంలోనూ చూడటం మంచిది. 50 గ్రాములు పోసి, 30 సెకన్లు ఆగి, తలుపు తెరిచి, వరుసగా మూడుసార్లు పూర్తిగా రాలే అతి చిన్న రంధ్రాన్ని నమోదు చేయాలి. పౌడర్ గంటల కొద్దీ హాపర్‌లో నిలవుండే ప్లాంటుకు అదీ చాలదు, పౌడర్‌ను నొక్కి ఉంచి, పొరను పక్కకు జరపడానికి ఎంత బలం కావాలో కొలిచే షియర్ సెల్ తప్పదు. అందులో ఫ్లో ఫంక్షన్ కోఎఫిషియెంట్ (పౌడర్‌ను నొక్కిన ఒత్తిడికీ, అలా గట్టిపడ్డ పౌడర్ బలానికీ ఉన్న నిష్పత్తి) 4 కన్నా తక్కువొస్తే ఆ పౌడర్ అంటుకునే రకం కింద లెక్క, హాపర్ కోణం, మూతి వెడల్పు మళ్లీ చూసుకోవాలి. ఒకే ఫార్ములాలో బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా పట్టుకోవడానికైతే ట్యాప్ టెస్టర్ ఒక్కటే సరిపోతుంది.

చప్పుడు విపరీతం, మూత లేని మోడల్ పక్కన మాట వినపడదు. తూకం మెషీన్ ఉన్న బెంచ్ మీద దీన్ని పెట్టకండి, ఆ అదురుకు బ్యాలెన్స్ రీడింగ్ నిలవదు.