చాందీపూర్‌లో క్షిపణులు కనిపించవు, అయినా వెళ్లండి

మా అబ్బాయికి క్షిపణులంటే ప్రాణం. వాటిని ఎక్కడ పరీక్షిస్తారో చూపిస్తానని మాటిచ్చి, విశాఖలో కోరమాండల్ ఎక్కించాను. రాత్రి ప్రయాణం. ఒడిశాలోని బాలాసోర్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే చాందీపూర్ 16 కిలోమీటర్లు.

ఒక మాట ముందే చెప్పాలి. అక్కడి పరీక్షా కేంద్రంలోకి పర్యాటకులను రానివ్వరు. క్షిపణి రూపం కళ్లారా చూడాలంటే రామేశ్వరం దగ్గర పేయ్‌కరుంబులో 2017లో ప్రారంభించిన కలాం స్మారకమే మేలు. నిరుడు అక్కడ అగ్ని నమూనా ముందు నుంచి మావాడిని కదిలించలేకపోయాను.

మొదటి రాత్రి దిగిన లాడ్జి మాత్రం బాగోలేదు. కరెంటు పోతే జనరేటర్ లేదు, దుప్పట్లు తడివాసన. మరునాడు తీరం పక్కనే ఉన్న ఒడిశా పర్యాటక శాఖ పాంథనివాస్‌కు మారాం. గదులు పాతవే కానీ శుభ్రంగా ఉన్నాయి. చేపల కూర చాలా బాగుంది. ఆటుపోట్ల వేళలు అక్కడే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఈ ఊరి అందమంతా అందులోనే ఉంది. సముద్రం రోజుకు రెండుసార్లు దాదాపు 5 కిలోమీటర్లు వెనక్కి వెళ్లిపోతుంది!

ఆ తడి ఇసుక మీద నడుస్తూ మావాడికి దూరాలు చెప్పాను. శత్రు విమానాలను కూల్చే ఆకాశ్ పరిధి 25 కిలోమీటర్లు, అంటే మనం ఆటోలో వచ్చిన దానికి ఒకటిన్నర రెట్లు. మొదటి పృథ్వి 150. అగ్ని-1 పరిధి 700, మనం రైలెక్కిన విశాఖనూ దాటిపోతుంది. అగ్ని-5 అయితే 5,000 పైమాటే. అంత దూరం వెళ్లేవాటిని ఇక్కడి నుంచి కాక, భద్రక్ జిల్లా తీరానికి ఎదురుగా ఉన్న అబ్దుల్ కలాం దీవి నుంచి ప్రయోగిస్తారు. విడిపోయిన దశలు జనం మీద కాకుండా సముద్రంలో పడాలి కదా.

బాలిస్టిక్ క్షిపణికీ క్రూజ్ క్షిపణికీ తేడా అడిగితే ఒక గవ్వను పైకి విసిరాను. మొదట ఊపు అందుకుని ఎగసి, ఆపైన తన బరువుతో కిందికి దూసుకొచ్చేది బాలిస్టిక్, అగ్ని అలాంటిదే. క్రూజ్ రకమైన బ్రహ్మోస్ అలా కాదు, దారి పొడవునా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. 2001 జూన్ 12న దాన్ని మొదటిసారి పరీక్షించింది ఇక్కడే.

టీ దుకాణం పెద్దాయన చెప్పిన సంగతి నన్ను కదిలించింది. పరీక్ష రోజున దగ్గరి పల్లెల వారిని తాత్కాలికంగా ఖాళీ చేయిస్తారట, కూలి పోయినందుకు పరిహారమూ ఇస్తారట. పడవలు మాత్రం ఒడ్డునే ఉండిపోతాయి. టీవీలో ప్రయోగం చూసి చప్పట్లు కొట్టినప్పుడు ఈ ఇళ్లు నాకెప్పుడూ గుర్తుకు రాలేదు.

నీళ్ల అంచు చేరడానికి మాకు గంటకు పైగా పట్టింది. "ఇదే దూరం బ్రహ్మోస్‌కి ఎంతసేపు నాన్నా?" అన్నాడు. లెక్క వేశాను, ఐదారు సెకన్లు. వాడు వెనక్కి తిరిగి, చుక్కలా కనిపిస్తున్న సరుగుడు తోపును చూస్తూ మెల్లగా ఆరు వరకు లెక్కపెట్టాడు.