డ్రమ్ములకా, సింబల్స్‌కా: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

డ్రమ్ సెట్ కొనాలనుకునేవాళ్ల కళ్లు ముందు డ్రమ్ముల మీదే పడతాయి. రంగు బాగుందా, టామ్‌లు (ఒక్కోటి ఒక్కో శ్రుతిలో పలికే డ్రమ్ములు) ఎన్ని, చెక్క మేపులా బిర్చా అని చూస్తారు. సింబల్స్, అంటే కొట్టి వాయించే లోహపు పళ్లేలు, మాత్రం చివర్లో, మిగిలిన డబ్బుతో ఏవో ఒకటి. నేను దీనికి పూర్తిగా ఎదురు చెబుతాను. ఉన్న డబ్బులో పెద్ద వాటా సింబల్స్‌కీ కింద తీగలుండి చురుగ్గా పలికే స్నేర్ డ్రమ్ముకీ పోవాలి. మిగతా డ్రమ్ములు మామూలువైనా నడుస్తుంది.

ఎందుకంటే డ్రమ్ శబ్దాన్ని మనం మార్చుకోవచ్చు, సింబల్ శబ్దాన్ని మార్చుకోలేం. డ్రమ్ములో దెబ్బ తిని మోగేది హెడ్, అంటే డ్రమ్ము మీద బిగించిన పొర. పాతరోజుల్లో దూడతోలు హెడ్లు వాడేవారు. గాలిలో తేమ పెరిగితే అవి వదులైపోయేవి, ఎండకి బిగుసుకునేవి. 1950ల రెండో సగంలో మైలార్ అనే ప్లాస్టిక్ హెడ్లు మార్కెట్లోకి వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పుడు ఒకే పొర ఉన్న కోటెడ్ (పైపూత ఉన్న) హెడ్ వేస్తే శబ్దం విచ్చుకుని కాసేపు నిలుస్తుంది. రెండు పొరల క్లియర్ (పూత లేని, పారదర్శకమైన) హెడ్ వేస్తే లావుగా, పొట్టిగా వస్తుంది, గట్టి దెబ్బలకీ తట్టుకుంటుంది. హెడ్‌ని పట్టి ఉంచే స్క్రూలను వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించి, అన్ని స్క్రూల దగ్గరా ఒకే శ్రుతి పలికేలా చూసుకుంటే చవకైన పాప్లర్ చెక్క సెట్ కూడా చక్కగా పలుకుతుంది. అరిగిపోయిన హెడ్లతో ఉన్న మేపుల్ సెట్ కన్నా అది ఎన్నో రెట్లు నయం.

చెక్కకి విలువ లేదని కాదు. మేపుల్ అన్ని స్థాయిల్లోనూ సమంగా, వెచ్చగా మోగుతుంది. బిర్చ్‌లో దెబ్బ పదునుగా తెలుస్తుంది కాబట్టి రికార్డింగుల్లో దాన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది. మహాగనీ కింది స్థాయి బరువుని పెంచుతుంది. కానీ ఈ తేడాలు మంచి హెడ్లు, మంచి ట్యూనింగ్ ఉన్నాకే చెవికి అందుతాయి. అంతకన్నా ముందు చూడాల్సింది షెల్, అంటే డ్రమ్ము చెక్క గొట్టం, సరిగ్గా గుండ్రంగా ఉందా, హెడ్ ఆనే అంచు నున్నగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉందా అని. అది వంకరైతే ఎంత తిప్పినా శ్రుతి కుదరదు. చవక సెట్‌లో రాజీ పడకూడనిది ఇక్కడే.

సింబల్ దగ్గరికొస్తే బిగించడానికి ఏ స్క్రూ లేదు. లోహం, మందం, సుత్తి దెబ్బలు కలిసి ఏ శబ్దం ఇచ్చాయో అదే ఉంటుంది. టేప్ అంటించి కాస్త అణచగలం గానీ లేని తీపిని తేలేం. చవక సెట్లతో పాటు ఇచ్చేవి తరచుగా ఇత్తడివి, అంటే రాగీ జింకూ కలిసినవి. వాటి మీద కొడితే గిన్నె మూత మీద కొట్టినట్టే ఉంటుంది. ఆ పైమెట్టు బీ8 కంచు: 92 శాతం రాగి, 8 శాతం తగరం. రేకుగా సాగదీసిన లోహం నుంచి బిళ్లలు కోసి చేస్తారు కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా ఉండదు. శబ్దం ప్రకాశవంతంగా, సూటిగా ఉంటుంది. ఇంకో మెట్టు ఎక్కితే బీ20: 80 శాతం రాగి, 20 శాతం తగరం. తగరం పెరిగేకొద్దీ లోహం పెళుసవుతుంది, అందుకే పోత పోసి, బాగా వేడి చేసి రోలర్ల మధ్య సాగదీయాలి. ఆ శ్రమకి తగ్గట్టే శబ్దంలో ఎన్నో పొరలు వినిపిస్తాయి. మెల్లగా తాకితే ఒకలా, గట్టిగా కొడితే ఇంకోలా పలుకుతుంది.

అలాగని బీ8 అంటే రెండో రకం అనుకోవడం పొరపాటు. పైస్టీ కంపెనీ 1971లో తెచ్చిన 2002 సిరీస్ బీ8 కంచుదే, రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించింది వాటినే. గట్టిగా వాయించే రాక్‌కి గిటార్ల మధ్యలోంచి దూసుకొచ్చే శబ్దం కావాలి, అది బీ8లో బాగా దొరుకుతుంది. మెల్లగా, సన్నసన్నని తేడాలతో వాయించేవాళ్లకి మాత్రం నేను బీ20నే చెబుతాను.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే ముందు హై-హ్యాట్, అంటే ఒకదాని మీద ఒకటి ఉండి కాలితో మూసే సింబల్స్ జత. పాటలో ఎక్కువసేపు వినిపించేది అదే. 14 అంగుళాల జత చాలు, కింది పళ్లెం పైదానికన్నా కాస్త బరువుగా ఉంటే కాలితో మూసినప్పుడు ‘చిక్’ స్పష్టంగా వస్తుంది. మూసి వాయించాలి, సగం తెరిచి వాయించాలి, కాలితో మాత్రమే వాయించాలి, ఇన్ని పనులూ ఆ ఒక్క జతే చేయాలి. నాసిరకం హై-హ్యాట్‌తో నేర్చుకునేవాళ్లకి తమ చేతిలో వస్తున్న మార్పు తమకే వినపడదు, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తర్వాత తాళాన్ని నిలకడగా నడిపే 20 అంగుళాల రైడ్ సింబల్, ఆ తర్వాత అప్పుడప్పుడు గట్టిగా కొట్టే 16 లేదా 18 అంగుళాల క్రాష్ సింబల్.

స్నేర్‌ని సింబల్స్ సరసన ఎందుకు చేర్చానంటే, తాళం నడకంతా హై-హ్యాట్, స్నేర్, కాలి పెడల్‌తో వాయించే బేస్ డ్రమ్ మీదే ఆధారపడుతుంది. టామ్‌లు అప్పుడప్పుడు వచ్చిపోయేవి. వేదిక మీద డ్రమ్ సెట్ ముందే ఉన్నచోటికి డ్రమ్మర్లు తమ సింబల్స్, స్నేర్, పెడల్ మాత్రమే మోసుకెళ్లడం మామూలు. దేని శబ్దాన్ని ఇంకొకరి చేతికి వదలకూడదో వాళ్లకి తెలుసు.

ఐదు డ్రమ్ములా, నాలుగా అంటే మొదటి సెట్‌కి నాలుగే: బేస్, స్నేర్, ఒక టామ్, నేల మీద కాళ్లతో నిలబడే ఒక ఫ్లోర్ టామ్. బీటిల్స్‌లో రింగో స్టార్‌కి లుడ్విగ్ కంపెనీ నాలుగు డ్రమ్ముల సెట్ సరిపోయింది. ఐదోదానికి పెట్టే డబ్బు రైడ్‌కి పెడితే ప్రతి పాటలోనూ పనికొస్తుంది. బాగా రికార్డింగులు చేసేవాళ్లు, మంచి సింబల్స్ ఇప్పటికే ఉన్నవాళ్లు నిశ్చింతగా మంచి షెల్స్ వైపు వెళ్లొచ్చు.

కొత్త బీ20 కొనే స్తోమత లేకపోతే వాడినది వెతకండి. హెడ్లలా అది అరిగిపోదు. మరకలు, వెలిసిన లోగో పట్టించుకోనక్కర్లేదు. అంచు చుట్టూ గోరుతో తడిమి చూడండి, మధ్య రంధ్రం ఒక పక్కకి సాగిందేమో చూడండి, ఉపరితలం మీది గీతల వెంట వెంట్రుకలాంటి చీలిక ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. పగులు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు, దెబ్బ దెబ్బకీ అది పెరుగుతూనే ఉంటుంది.