తిత్తుల చప్పుడు తీసేయొద్దని ముందే చెప్పాల్సింది

ఇటలీలో పాత కీబోర్డు సంగీతం రికార్డు చేసిపెట్టే చిన్న బృందం ఒకటుంది. ఒక సౌండ్ ఇంజనీరు, ఆయనతో కలిసి తిరిగే శ్రుతి చేసే పెద్దాయన, ఎడిటింగ్‌కి ఒక కుర్రాడు, అంతే. పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సింది ఎంతుందో తిట్టాల్సిందీ అంతే ఉంది మరి. మూడు రోజుల పనికి 3,200 యూరోలన్నారు. బిల్లు చేతికొచ్చాక చూస్తే దాని మీద 22 శాతం ఐవీఏ, అంటే ఇక్కడి అమ్మకం పన్ను, విడిగా వేసి 3,904 చేశారు. కొటేషన్‌లో ఆ మాట లేదు. అడిగితే "అది అందరికీ తెలిసిందే కదా" అన్నారు. తెలుసు. కానీ రాయాలి.

నేను కచేరీలు చేసే మనిషిని కాను. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక పద్నాలుగేళ్ళుగా హార్ప్సికార్డు, అంటే పియానోలా కీలుండి లోపల తీగల్ని మీటే పాత వాద్యం. ఉద్యోగం వేరే. ఇన్నాళ్ళ సాధనకి గుర్తుగా ఒక గంట రికార్డింగ్ చేసుకోవాలనుకున్నాను, అదీ ఎవరూ పెద్దగా పట్టించుకోని నేపుల్స్ వాళ్ళ రచనలతో. 17వ శతాబ్దం మొదట్లో ఇటలీ కీబోర్డు సంగీతమంటే అందరూ ఫ్రెస్కోబాల్డి పేరే చెబుతారు, 1615లో రోమ్‌లో అచ్చయిన ఆయన టోకాటాల (స్వేచ్ఛగా సాగుతూ చేతివాటం చూపించే రచనల) పుస్తకాన్నే చూపిస్తారు. దానికి పన్నెండేళ్ళ ముందే, 1603లో, నేపుల్స్‌లో ఒకే ఏడాది రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి అస్కానియో మయోనెది, ఒకటి జొవాన్ని మరియా త్రబాచిది. మయోనె ఆర్గన్‌తో (గాలితో గొట్టాలు మోగే చర్చి వాద్యం) పాటు హార్ప్ కూడా వాయించేవాడు. త్రబాచి అక్కడి స్పానిష్ వైస్రాయి ఆస్థాన ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాయించాడు, 1614 నుంచి ఆ ఆస్థాన సంగీతమంతటికీ పెద్దయ్యాడు. అతనికి ముందు ఆ కుర్చీలో ఉన్నది జొవాన్ని ద మాక్, ఎక్కడో ఉత్తరాన వాలెన్సియెన్‌లో పుట్టి నేపుల్స్‌లో స్థిరపడినవాడు, మయోనెకి గురువు. మాక్ కీబోర్డు రచనలు మనదాకా వచ్చింది రాతప్రతుల్లోనే.

ఎందుకు వీళ్ళే అంటే చెప్పడం కష్టం. వీళ్ళ సంగీతం ఉన్నట్టుండి అడ్డదారి తొక్కుతుంది. నిమ్మళంగా నడుస్తున్న స్వరాల మధ్య ఎక్కడినుంచో ఒక వింత స్వరం వచ్చి కూర్చుంటుంది, ఏమీ జరగనట్టే మళ్ళీ ముందుకు పోతుంది. మాక్ అలాంటి రచన ఒకదానికి పేరే "కొన్సొనాంజె స్త్రవగాంతి" అని పెట్టాడు. వింత పొంతనలు అనుకోండి.

ఈ బృందాన్ని ఎంచుకోవడానికి కారణం మైకులు కాదు, శ్రుతి చేసే పెద్దాయన. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఇంజనీరు నా బడ్జెట్ అడిగారు. తర్వాత ఫోను పెద్దాయనకిచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే: "మీ రచనల్లో డి-షార్ప్ ఎక్కడెక్కడ వస్తుందో, ఇ-ఫ్లాట్ ఎక్కడెక్కడ వస్తుందో కాగితం మీద రాసుకురండమ్మా." అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

పియానోలో ఆ రెండూ ఒకటే కీ, ఒకటే స్వరం. ఈ సంగీతం నాటి శ్రుతిలో కీ ఒకటే, స్వరాలు రెండు. మనకు అలవాటైన పియానో శ్రుతిలో షడ్జానికి అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో ఉంటుంది (స్వరాల ఎడాన్ని కొలిచేది సెంట్లలో, సప్తకం మొత్తం 1200). స్వచ్ఛమైన గాంధారం 386 దగ్గరే ఉంది. తంబూరా మంద్ర తీగ కుదురుగా మోగుతున్నప్పుడు ఎవరూ మీటకుండానే పైన ఒక గాంధారం వినిపిస్తుంది చూశారా, అదే. ఆనాటి వాళ్ళు దానికోసం పంచమాలన్నిటినీ ఒక్కొక్కటీ ఐదు సెంట్ల పైచిలుకు దించేసేవారు. గాంధారాలు కడిగిన ముత్యాల్లా వస్తాయి. బదులుగా డి-షార్ప్, ఇ-ఫ్లాట్‌ల మధ్య 41 సెంట్ల ఎడం పడుతుంది. ఆ కీని ఇ-ఫ్లాట్‌కి శ్రుతి చేసి ఉంచినప్పుడు డి-షార్ప్ అనుకుని నొక్కారా, పంటి కింద రాయి పడినట్టే. కొందరు నల్ల కీలను రెండుగా చీల్చి, ముందు సగం ఒక స్వరానికి, వెనక సగం ఒక స్వరానికి పెట్టి వాద్యాలు చేయించుకున్నారు. మయోనె 1609 పుస్తకంలో అలాంటి వాద్యం కోసమే రాసిన టోకాటా ఒకటుంది. నాకు ఆ వాద్యం దొరకలేదు, కాబట్టి ఆ టోకాటా పక్కన పెట్టేశాను.

పెద్దాయన నా కాగితం చూసి రెండు రోజుల హార్ప్సికార్డు పనిని ఆల్బమ్ వరసలో కాకుండా శ్రుతి వరసలో పేర్చారు. ఇ-ఫ్లాట్ రచనలన్నీ మొదటి రోజు, డి-షార్ప్ రచనలన్నీ రెండో రోజు. చూడ్డానికి చిన్న సంగతి. కానీ ఆ వాద్యంలో ఆ స్వరానికి కీలు మూడే, ఒక్కో కీకి రెండేసి ఇత్తడి తీగలు. అంటే ఆరు తీగలు దించితే చాలు, నాలుగు నిమిషాల పని. అయితే దించిన తీగ ఊరుకోదు, మెల్లగా మళ్ళీ పైకి పాకుతుంది. పావుగంట ఆగి, సవరించి, మళ్ళీ ఆగాలి. ప్రతి రచనకీ ఇలా చేసుకుంటూ కూర్చుంటే రోజంతా దానికే సరిపోయేది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒక గల్యార్దాలో (పాతకాలపు నాట్య సంగీతం) డి-షార్ప్ ఒకే ఒక్కచోట వస్తుంది, అది కాగితం మీద రాయడం మర్చిపోయాను. మొదటి రోజే వాయించేశాను. ఆ చోటు వచ్చినప్పుడు పెద్దాయన తల ఎత్తి నావైపు చూశారు, అంతే, మాట్లాడలేదు. నేను మూడు టేకులు అలాగే వాయించాక "మీకు అలాగే కావాలేమో అనుకున్నాను" అన్నారు. సిగ్గేసింది. రెండో రోజు మళ్ళీ వాయించాను.

వాద్యం గురించి రెండు ముక్కలు. పాత ఇటాలియన్ హార్ప్సికార్డుకి ఇప్పుడు చేసిన నకలు అది. సైప్రస్ చెక్క, పక్కలు అట్టముక్కంత పల్చన, ఒకే కీబోర్డు. కింది సప్తకంలో కొన్ని నల్ల కీలు ఉండవు. చివరి కీ చూడ్డానికి ఇ, పలికేది సి. మొదట్లో చేతికి తికమకగా ఉంటుంది గానీ ఎడమచేత్తో పెద్ద ఎడాలు పట్టుకోవడానికి అంత హాయి మరోటి లేదు. తీగను మీటేది పక్షి ఈక ముక్క. కీ నొక్కగానే చెక్కపుల్ల ఒకటి పైకి లేచి, దానికి గుచ్చిన ఈక తీగను గిల్లి వదులుతుంది. కీ వదిలితే పుల్ల కిందికి జారి "టక్" మంటుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దదవదు. అందుకని ఎప్పుడు నొక్కామన్నదెంతో ఎప్పుడు వదిలామన్నదీ అంతే. ఆ టక్‌టక్ కూడా వాయింపులో భాగమే అని నా నమ్మకం.

మూడో రోజు, అంటే మూడో రాత్రి, ఆర్గన్. కొండమీద ఒక పల్లె చర్చిలో చిన్న పాత ఆర్గన్, 45 కీలు, ఒకే కీబోర్డు. కాళ్ళతో తొక్కే పెడల్స్ ఉన్నాయి గానీ అవి కింది కీలను లాగుతాయి తప్ప వాటికంటూ సొంత గొట్టాలు లేవు. పగలు రికార్డు చేయలేం, కింద రోడ్డు. రాత్రి పది దాటితే గంటలు ఆపేస్తామని చర్చి వాళ్ళు మాటిచ్చారు. ఆపలేదు. పావుగంటకోసారి టంగుమంటుంటే, గంట మోగి ఆ మోత పూర్తిగా చచ్చేదాకా చూసి వెంటనే మొదలుపెట్టడం, పరీక్ష హాల్లో గడియారం చూసుకున్నట్టు. ఇంజనీరు ఇందులో చాలా గట్టివాడు. గంట మోత ఎప్పుడు ఆగిందో మనకంటే ముందు ఆయనకి తెలిసేది. మైకుల్ని ఆర్గన్ మీద కాకుండా కింద, భక్తులు కూర్చునే బెంచీల వరసలో మూడోవంతు దూరంలో పెట్టారు. గది గొంతు వాద్యం గొంతుతో కలిసేది అక్కడేనట. నిజమే.

ఆర్గన్‌కి గాలి ఇచ్చే కరెంటు మోటారు ఒకటి ఉంది, అది హుమ్మని ఒకటే గోల. పెద్దాయన దాన్ని కట్టేసి వెనక్కి వెళ్ళి కాళ్ళతో తిత్తులు తొక్కడం మొదలుపెట్టారు. తొక్కడమంటే నిజంగా తొక్కడమే, ఒక తిత్తి దిగిపోయేలోపు ఇంకోటి నిండాలి. డెబ్భై దాటిన మనిషి. వద్దన్నా వినలేదు. మోటారు గాలి ఇనప కడ్డీలా సూటిగా వస్తుంది. తిత్తి గాలి మనిషి ఊపిరిలా కొంచెం కదులుతుంది, స్వరం చివర సన్నగా ఊగుతుంది. ఆ తేడా విన్నాక నేనూ మోటారు అడగలేదు.

ఆ రాత్రి వాయించినవాటిలో "దురెజ్జె ఎ లిగాతురె" అనే తరహా రచన ఒకటుంది. కరుకుదనాలు, ముడులు అని అర్థం. పద్ధతి తేలికే: ఒక స్వరాన్ని పట్టుకుని ఉండాలి, కింద మిగతా స్వరాలు మారిపోతాయి, పట్టుకున్నది ఒక్కసారిగా పరాయిదై గుచ్చుకుంటుంది, అప్పటికీ వదలకూడదు, ఆఖరి క్షణంలో ఒక మెట్టు దిగాలి. దీనికి వోచె ఉమానా అనే స్టాప్, అంటే ఒక గొట్టాల వరస, వేశాం. మనిషి గొంతు అని పేరు. మామూలు గొట్టంతో పాటు కాస్త కావాలనే శ్రుతి తేడా పెట్టిన గొట్టం కూడా మోగి, రెండూ కలిసి అలలు అలలుగా ఊగుతాయి. చర్చిలో పూజారి ప్రసాదం పైకెత్తే ఘట్టంలో వాయించే తరహా. అర్ధరాత్రి ఖాళీ చర్చిలో అది మోగుతుంటే కాసేపు నేను వాయిస్తున్నానన్న సంగతే మర్చిపోయాను.

ఇంతవరకూ ఐదుకి ఐదు నక్షత్రాలు. ఎడిటింగ్ దగ్గర రెండు కోసేస్తున్నాను.

మూడు వారాలకి ఫైళ్ళొచ్చాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే అద్దంలా ఉంది. అదే బాధ. హార్ప్సికార్డు పుల్లల టక్‌టక్ లేదు. ఆర్గన్ తిత్తుల ఊపిరి లేదు. శబ్దం తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో కుర్రాడు అంతా తుడిచేశాడు, దాంతో పాటు స్వరాల తోకలు కూడా కత్తిరించినట్టయ్యాయి, చర్చి కాస్తా గదైపోయింది. పైగా హార్ప్సికార్డు ఫైళ్ళని ఆర్గన్‌తో సమానంగా వినబడేంత పెద్ద చేశాడు. హార్ప్సికార్డుది చిన్న గొంతు. దాన్ని లౌడ్‌స్పీకర్‌లో అరిపిస్తే పదినిమిషాలకి తలనొప్పి.

ఇవి అడిగితే సరిచేసేవే. అసలు దెబ్బ దురెజ్జె దగ్గర తగిలింది. ఏడెనిమిది టేకులున్నాయి. వాటిలో ఒకదాంట్లో నా నాలుగో వేలు చెమటకి జారి, గుచ్చుకోవాల్సిన స్వరాన్ని ముందే వదిలేసింది. కుర్రాడు సరిగ్గా ఆ టేకునే ఎంచుకున్నాడు. ఒకచోట కాదు, అలాంటివి మూడుచోట్ల, ఎక్కడెక్కడ కరుకుదనం మెత్తబడిందో అక్కడక్కడి ముక్కలు ఏరి అతికించాడు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా చెప్పాడు: "అవే బాగా శుభ్రంగా ఉన్నాయండీ. మిగతా టేకుల్లో స్వరాలు కొట్టుకుంటున్నాయి." నాయనా, నాలుగొందల ఏళ్ళ కింద ఆ పెద్దమనిషి అవి కొట్టుకోవాలనే రాశాడు! దాని పేరే కరుకుదనాలు!

అలా అరిచానని కాదు. అరవాలనిపించింది. తప్పు పూర్తిగా అతనిదీ కాదు. రికార్డింగప్పుడు అతను అక్కడ లేడు, చేతిలో స్వరలిపి లేదు, త్రబాచి పేరే విని ఉండడు. ఈ బృందం లోటు అదే. రాత్రంతా మేల్కొని విన్న ఇద్దరూ ఫైళ్ళు కుర్రాడికి పంపేసి ఇంకో ఊరు వెళ్ళిపోయారు. విన్నవాళ్ళు ఎడిట్ చేయరు, ఎడిట్ చేసేవాడు వినలేదు.

రెండోసారి ఎడిటింగ్‌కి అదనంగా డబ్బడిగారు. ఇవ్వనన్నాను. చివరికి ఇంజనీరు తనే కూర్చుని, నేను స్వరలిపిలోని బార్ల (తాళం గళ్ళ) నంబర్లు వేసి పంపిన కాగితం ప్రకారం మళ్ళీ అతికించారు. శబ్దం తుడవలేదు, హార్ప్సికార్డు గొంతు తగ్గించారు. అది ఐదో వెర్షన్. ఇప్పుడు బాగుంది. దురెజ్జె చివరి స్వరం తర్వాత తిత్తి ఒకటి కిర్రుమని దిగడం, దూరంగా పెద్దాయన చిన్నగా దగ్గడం వినిపిస్తాయి. తీసేయమంటారా అని ఇంజనీరు అడిగారు. వద్దన్నాను.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి: ఎడిట్ చేసే మనిషి రికార్డింగ్‌లో ఉంటాడా లేదా అని ముందే అడగండి. స్వరలిపి కాపీ తప్పకుండా ఇవ్వండి, గుచ్చుకోవాల్సిన చోట్ల ఎర్రపెన్నుతో సున్నా చుట్టి. ఏ శబ్దం ఉంచాలో కొటేషన్‌లోనే రాయించుకోండి.

మొన్న పెద్దాయన ఫోన్ చేశారు. చీల్చిన కీలున్న హార్ప్సికార్డు ఒకటి తెలిసినవాళ్ళ దగ్గరుందట, చలికాలంలో రెండు రోజులు ఇస్తారట. మయోనె టోకాటా బయటికి తీసి దుమ్ము దులిపాను. కొటేషన్ పంపమన్నాను, ఐవీఏ కలిపి.