ఎల్బర్ట్ ఎక్కాలా, లాంగ్స్ పీక్ ఎక్కాలా?

రాకీ పర్వతాలన్నిటిలోకీ ఎత్తయినది కొలరాడోలోని మౌంట్ ఎల్బర్ట్. దాని ఎత్తు సుమారు 14,440 అడుగులు. అదే రాష్ట్రంలోని లాంగ్స్ పీక్ ఎత్తు 14,259 అడుగులే. ఆ అంకెలు చూసి రెండోది సులువని భావించడం ప్రమాదకరం.

ఎల్బర్ట్ ఈశాన్యపు బాట రానూపోనూ తొమ్మిది పది మైళ్ళు ఉంటుంది. చెట్లు అంతమయ్యాక వాలు బాగా పెరుగుతుంది. ఇదే శిఖరమనుకున్న గుట్ట ఎక్కేసరికి వెనుక మరొకటి కనిపిస్తుంది. అయినా మొదటినుంచి చివరిదాకా అది నడకే. అక్కడి అసలు పరీక్ష పలుచని గాలి. డాలస్ వంటి పల్లపు ఊళ్ళనుంచి వచ్చి మర్నాడే ఎక్కబోతే తలనొప్పి, వికారం పట్టుకోవచ్చు గనుక, ముందు డెన్వర్‌లోనూ తరువాత కొండ దగ్గరి ఊరైన లెడ్‌విల్‌లోనూ ఒకటి రెండు రాత్రులు గడపడం మంచిది.

లాంగ్స్ పీక్ సంగతి వేరు. కీహోల్ మార్గం రానూపోనూ దాదాపు 15 మైళ్ళు. తెల్లవారుజామున మూడింటికో అంతకు ముందో బయలుదేరితే తప్ప మధ్యాహ్నపు పిడుగుల వానకు ముందే దిగిరావడం కష్టం. కొండ అంచులోని కీహోల్ అనే గండి దాటగానే బాట మాయమై, రాళ్ళపై వేసిన ఎరుపు, పసుపు వలయాలే దారి చూపుతాయి. అక్కడినుంచి శిఖరం మైలు పైచిలుకే, కాని లోయ అంచున సాగే నేరోస్ అనే ఇరుకు అరుగుమీద ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి. హోమ్‌స్ట్రెచ్ అనే చివరి భాగంలో నున్నని రాతిపలకలను చేతులూ కాళ్ళూ ఆనించి ఎక్కాలి. కీహోల్ దాటాక మొదటి భాగం పడమటి వైపు కావడంతో అక్కడ ఉదయపు ఎండ ఆలస్యంగా తగులుతుంది, నీటిచెమ్మ గాజులాంటి మంచుపొరగా నిలిచిపోతుంది. పైగా మబ్బులూ గాలివానలూ వచ్చేది పడమటినుంచి. కీహోల్ చేరేదాకా ఆ ఆకాశం సరిగా కనిపించదు.

కొండగా నాకు లాంగ్స్ పీకే గొప్పది. 1868లో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ బృందం ఎక్కిన ఆ శిఖరం ముందు ఎల్బర్ట్ చప్పగా అనిపిస్తుంది. అయినా మొదటిసారి వచ్చేవారికి ఎల్బర్టే మేలని గట్టిగా చెబుతాను. ఆ ఎత్తుకు ఒళ్ళు ఎలా స్పందిస్తుందో తెలిసి, రాతిమీద కొంత సాధన చేశాక, మంచు కరిగిన ఆగస్టులో లాంగ్స్ పీక్‌కు వెళ్ళడం సబబు. అప్పుడు కూడా కీహోల్ వద్ద పడమట నల్లమబ్బు కనిపిస్తే అక్కడే వెనుదిరగాలి.