తుంటి మార్పిడికి బదులు చేతికర్ర: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

"ఎడమ చేత్తో పట్టుకోండి సార్" అంది ఫిజియో అమ్మాయి. ఈ మూడున్నరేళ్లలో నేను ఆస్పత్రులకి పోసిన డబ్బంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

నాకు పాడైంది కుడి తుంటి. కర్ర కొన్న వారం దాకా కుడి చేత్తోనే పట్టుకుని తిరిగాను, నొప్పి ఎటుంటే ఆసరా అటే ఉండాలనుకుని. షాపులో కూడా అలాగే చేతికిచ్చారు. రోజూ సాయంత్రానికి నడుం పట్టేసేది, కర్ర దండగ అనిపించి ఒక మూల పడేశాను కూడా. చెయ్యి మార్చిన రోజు మాత్రం వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి కుంటు లేకుండా నడిచి, నమ్మకం కుదరక మళ్లీ నడిచాను.

నాది ఏవీఎన్, అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం. 2021లో కోవిడ్, దానికి వాడిన స్టెరాయిడ్లతో ఈ జబ్బు, ఆ డిసెంబరులో ఎంఆర్ఐ, మామూలు కథే. అప్పటికి నాకు 39. మొదట చూపించుకున్న డాక్టరు కీలు మార్చేద్దాం అన్నారు. రెండో ఆయన ఫిల్ములు చూసి, తొడ ఎముక పైనుండే బంతి ఇంకా కుంగలేదు, ఎముకలోకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిద్దాం, ఈ వయసులో మారిస్తే జీవితంలో ఇంకోసారి మార్చాల్సి రావచ్చు అన్నారు. అలా రంధ్రం చేయడాన్నే కోర్ డికంప్రెషన్ అంటారు. అది చేయించుకుని, ఆరు వారాలు చంక కర్రల మీద, ఆ తర్వాత ఈ చేతికర్ర మీద పడ్డాను. ఎముక అరిగిపోకుండా వారానికో అలెండ్రోనేట్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట నడుం వాల్చకుండా కూర్చునేవాణ్ణి. ఏడాదయ్యాక డాక్టరే ఆపమన్నారు.

ఎడమ చెయ్యి సంగతి ఫిజియో అమ్మాయి గడ్డపారతో పోల్చి చెప్పింది. కుడి కాలి మీద నిలబడ్డప్పుడు ఒళ్లు ఎడమ పక్కకి ఒరిగిపోకుండా తుంటి పక్కనున్న కండరం బిగబట్టి లాగుతుంది. అది కీలుకి మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి చాలా బలంగా లాగాలి, ఆ లాగుడంతా కీలు మీదే పడుతుంది. అందుకే ఒంటికాలి మీద నిలబడితే కీలు మోసేది ఒంటి బరువుకి 2.5 నుంచి 3 రెట్లు. ఎడమ చేతిలో కర్ర కీలుకి దూరంగా ఉంటుంది కదా, గడ్డపారని చివర పట్టుకుని మీటినట్టు, కొంచెం నొక్కినా కండరానికి ఎంతో పని తప్పుతుంది. అదే కుడి చేత్తో పట్టుకుంటే కర్ర మీదకి వాలిపోవడమే మిగులుతుంది.

ఇది జనానికి చెప్పి ఒప్పించడం మాత్రం నా వల్ల కాలేదు. ఖమ్మం బస్టాండులో ఒక పెద్దాయన "నాయనా, కర్ర తప్పు చేతిలో ఉంది" అని ఏకంగా లాక్కుని చెయ్యి మార్చబోయాడు. సినిమాల్లో అందరూ అలాగే పట్టుకుంటారు మరి, ఆయన్నేం అంటాం.

ఇక అసలు దెబ్బ. గత వర్షాకాలంలో బ్యాంకుకి వెళ్లాను. గుమ్మం దగ్గర గ్రానైటు, అందరి గొడుగుల నీళ్లూ అక్కడే. కర్ర ఆనించాను, అది చేపలా జారిపోయింది. ఎడమ మోచెయ్యి నేలకి కొట్టుకుంది, తుంటి మీద పడలేదు, అదే అదృష్టం. లేచి చూస్తే కర్ర అడుగున రబ్బరు బుష్షు అరిగి అరిగి బొక్కపడి, లోపలి అల్యూమినియం గొట్టం బయటికొచ్చేసింది. అప్పటికి రెండేళ్లు పైనే వాడుతున్నా, ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. నాలుగు రోజులు కాలు కదిపితే చాలు టెన్షన్, ఎక్స్‌రేలో మార్పు లేదన్నాకే నిద్రపట్టింది. కొత్త బుష్షు 30 రూపాయలు. అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, చెప్పులు అరిగితే మాత్రం కనిపిస్తాయిరా నీకు అని.

పైన కుంటు లేకుండా నడిచాను అన్నాను కదా, అది మొదటి ఏడాదిన్నర మాట. ఇప్పుడు సాయంత్రమైతే కర్రతో కూడా కొంచెం కుంటుతాను. పోయిన ఎక్స్‌రేలో బంతి పై అంచు కాస్త చదునైందన్నారు. కర్ర కీలు మీది బరువు తగ్గిస్తుంది, నొప్పి తగ్గిస్తుంది, చచ్చిన ఎముకని బతికించదు. ఎడమ అరచెయ్యి కూడా తిమ్మిరెక్కేది, సన్న పిడి తీసేసి వెడల్పు చెక్క పిడి వేయించాక నయం. ఎత్తు కూడా చూసుకోండి: చెయ్యి కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. నాది, ఎత్తు సరిచేసుకునే రంధ్రాల్లో రెండు రంధ్రాలు ఎక్కువ ఎత్తులో ఉండేది, భుజం నొప్పి దానివల్లే.

కొనమంటానా? నాది 62 కిలోల ఒళ్లు, కుర్చీలో ఉద్యోగం, ఇంట్లో వెస్టర్న్ కమోడ్, పాడైంది ఒక్క తుంటే. స్టెరాయిడ్ వల్ల వస్తే చాలామందికి రెండు పక్కలా వస్తుంది, వాళ్లు ఏ చేత్తో పట్టుకోవాలో నన్నడగొద్దు, ఫిజియోని అడగండి. రోజంతా నిలబడి పనిచేసే మా బావమరిది నెలంతా కర్ర వాడి విసిగిపోయి తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఇప్పుడు నాకంటే చురుగ్గా మెట్లెక్కుతున్నాడు. అది చూసినప్పుడు నాకూ మనసు లాగుతుంది, అబద్ధమెందుకు.

జనవరిలో మళ్లీ ఎక్స్‌రే ఉంది. అప్పటిదాకా ఇదే కర్ర. బుష్షు మార్చిన తేదీ మాత్రం మార్కరుతో కర్ర మీదే రాసుకుంటున్నాను, ఇప్పటికి మూడు తేదీలయ్యాయి.