సెంటరా, పవర్ ఫార్వర్డా: ఆంథొనీ డేవిస్ ఒంటికి ఏది మేలు?

2019 జులైలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లేకర్స్ జట్టు తనను మీడియాకు పరిచయం చేసిన రోజే ఆంథొనీ డేవిస్ మొహమాటం లేకుండా చెప్పేశాడు, తనకు సెంటర్‌గా (బుట్ట కిందే కాపు కాసే స్థానం) ఆడటం ఇష్టం లేదని, పవర్ ఫార్వర్డ్‌గా (సెంటర్ పక్కన కాస్త బయటికి ఆడే స్థానం) ఆడటమే ఇష్టమని. 2025 జనవరిలోనూ పక్కన సెంటర్‌గా ఇంకో పొడవాటి ఆటగాడు కావాలన్నాడు. అభిమానులు దీన్ని పట్టుకుని, ఇష్టం లేని చోట ఆడించబట్టే ఇన్ని దెబ్బలు అంటుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, లెక్కలే కలవవు.

2020-21లో పక్కన సెంటర్‌గా మార్క్ గసోల్ ఉన్నాడు. అంటే కోరుకున్న చోటే దక్కింది. అయినా పిక్క, మడమ నొప్పితో రెండు నెలలకు పైగా బయటే కూర్చుని 72 మ్యాచుల్లో 36 మాత్రమే ఆడాడు. అదే 2023-24లో దాదాపు సీజనంతా సెంటర్‌గా ఆడి 76 మ్యాచులు పూర్తి చేశాడు. అతని కెరీర్‌లో అదే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ జట్టుకు వెళ్లాక తొలి మ్యాచ్‌లో సెంటర్ పని సహచరుడు గాఫర్డ్ చూసుకున్నాడు. డేవిస్ 26 పాయింట్లు, 16 రీబౌండ్లు కొట్టి, మూడో క్వార్టర్లో గజ్జ దగ్గర కండరం పట్టేసి బయటికి నడిచాడు. అప్పటికి కొన్ని రోజుల ముందే పొత్తికడుపు కండరం దెబ్బతిని ఉంది. అసలు అనుమానించాల్సింది దాన్నే, పొజిషన్‌ని కాదు.

అలాగని రెండూ ఒకటే అనను. సెంటర్‌గా ఆడితే 120 కిలోల వాళ్లు రాత్రంతా నడుముకు ఆనుకుని తోస్తుంటారు. బుట్ట కింద గుంపులో ఎగరాలి, గుంపులోనే దిగాలి. 2022 ఫిబ్రవరిలో యూటాతో మ్యాచ్‌లో డేవిస్ గాల్లో బంతి అందుకుని దిగుతూ యూటా సెంటర్ గోబేర్ పాదం మీద కాలేశాడు. మడత పడిన ఆ కాలు చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. ఫార్వర్డ్‌కు తోపులాట తక్కువే కానీ, బయట షూటర్ మీదికి పరుగెత్తి ఠక్కున ఆగడం, పక్కకు తిరగడం ఎక్కువ. ఆ భారం తొడలు, పిక్కల మీద పడుతుంది. దెబ్బ తగిలే చోటు మారుతుందంతే.

ఆరున్నర అడుగులు కూడా లేని పి.జె. టక్కర్‌ను 2020 ఫిబ్రవరిలో తన సెంటర్ కాపెలాను వదులుకున్నాక హ్యూస్టన్ జట్టు సెంటర్‌గా నిలబెట్టింది. పొజిషన్ మారితే ఒళ్లు పాడవుతుందంటే ముందు అతనిదే పాడవ్వాలి. 34-35 ఏళ్ల వయసులో ఆ సీజన్ 72 మ్యాచులూ ఆడేశాడు! ఫార్వర్డ్ అయిన కెవిన్ డ్యురాంట్‌ను తొలి ఏడాది షూటింగ్ గార్డ్‌గా (బుట్టకు దూరంగా ఆడే స్థానం) ఆడిస్తే 80 మ్యాచులు ఆడాడు. ఆట కాస్త ఇరుకైంది కానీ, ఒళ్లు బాగానే ఉంది.

నన్నడిగితే డేవిస్‌ను ఒక పొజిషన్‌కు కట్టేయడమే తప్పు. 2020లో లేకర్స్ చేసిందే నయం. సీజనంతా బరువు మోయడానికి సెంటర్లు మెగీ, హోవర్డ్ ఉన్నారు. ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కు మాత్రం హోవర్డ్‌ను బెంచీ మీద పెట్టి, గార్డ్ కరూసోను దింపి, డేవిస్‌ను సెంటర్ చేశారు. 106-93తో టైటిల్ కొట్టేశారు.