బొంత మీద తీగ అల్లడానికి ఏది మేలు: తొక్కుడు మిషనా, కరెంటు మిషనా?

తిరుపతిలో ఉండే మా మేనత్త కూతురు మొన్న ఫోన్ చేసింది. "వదినా, ఫ్రీ మోషన్ క్విల్టింగ్ నేర్చుకుందామనుకుంటున్నా. కొత్త కరెంటు మిషన్ కొనేదా, అమ్మ ఇచ్చిన నల్ల తొక్కుడు మిషన్ చాలా?" అని అడిగింది. రెండింటి మీదా చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి, ఫోన్‌లో తెగని ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

మామూలు కుట్టులో సూది కింద ఉన్న పళ్ళు బట్టను వెనక్కి లాగుతుంటాయి, మనం దారి తప్పకుండా పట్టుకుంటే చాలు. ఫ్రీ మోషన్ క్విల్టింగ్‌లో, అంటే బొంత పొరలను కలుపుతూ మిషన్ మీద తీగలు, మెలికలు కుట్టే పనిలో, ఆ పళ్ళను కిందికి దించేస్తాం. ఇక బట్టను లాగేవాళ్ళు ఎవరూ ఉండరు. మన చేతులు ఎటు జరిపితే అటు గీత పడుతుంది. తీగలు, ఆకులు, మెలికలు, ఏదైనా సరే. కుట్టు పొడవు కూడా మన చేతిలోకే వస్తుంది. సూది వేగంగా ఆడుతూ చెయ్యి నెమ్మదిగా కదిలితే చీమల బారులాంటి కుట్లు, చెయ్యి ముందుకు ఉరికితే కాలి వేళ్ళకు తగులుకునేంత పొడుగు కుట్లు. అంగుళానికి 8 నుంచి 10 కుట్లు పడితే చూడ్డానికి బాగుంటుంది. అందుకే ఏ మిషన్ మేలో తేల్చేది దాని ధర కాదు, వేగం మన మాట వింటుందా లేదా అన్నది.

ఆ లెక్కన తొక్కుడు మిషన్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి. పాదం ఎంత నెమ్మదిగా ఆడితే సూది అంత నెమ్మది. ఒక్కొక్క కుట్టూ చూసుకుంటూ వెళ్ళొచ్చు. కరెంటు పోయినా పని ఆగదు. బరువైన ఇనుప ఒళ్ళు కాబట్టి ఎంత గుంజినా కదలదు. అయితే ఒక షరతు: కాలికి ముందే తొక్కుడు వచ్చి ఉండాలి. రాకపోతే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కున తెగుతుంది. చేతులకు కొత్త విద్య, కాళ్ళకు కొత్త విద్య ఒకేసారి నేర్పబోతే రెండూ రావు. చేత్తో తిప్పే మిషన్ మాత్రం ఈ పనికి వద్దు. ఒక చెయ్యి చక్రానికే పోతే బట్టను తిప్పేదెవరు?

నల్ల మిషన్‌తో ఇంకో చిక్కుంది. పళ్ళు దించే ఏర్పాటు అన్నిటికీ ఉండదు. లేకపోతే కుట్టు పొడవు సున్నాకు పెట్టి, పళ్ళను కప్పేలా పలచని ప్లాస్టిక్ ముక్కను టేపుతో అంటించాలి. సూది దిగేచోట కన్నం మరిచిపోవద్దు. నవ్వకండి, నేను మరిచిపోయాను.

జాకెట్లకు మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళను చూసే ఉంటారు. బట్టకు రింగు బిగించి, బట్టను అణిచిపట్టే ఫుట్ తీసేసి, ఉత్త సూదితో పువ్వులు కుట్టేస్తారు. అసలు కిటుకు రెండింటికీ ఒకటే. కానీ వాళ్ళను చూసి ఫుట్ లేకుండా బొంత కుట్టబోవద్దు. వాళ్ళది ఒంటి పొర, పైగా రింగు బిగి ఉంది. మనది పై బట్ట, మధ్యలో దూది, కింది బట్ట, మూడు పొరల మందం. సూది పైకి లేచేటప్పుడు బట్ట కూడా దాంతోపాటు లేస్తుంది, కుట్టు తప్పిపోతుంది. స్ప్రింగు ఉన్న డార్నింగ్ ఫుట్ ఆ బట్టను అణిచి పడుతుంది. వేలికి కూడా కాపలా.

ఇక కరెంటు మిషన్. పళ్ళు దించే మీట చాలా వాటికి ఉంటుంది, టక్కున నొక్కితే సరి. తొక్కే గొడవ లేదు. ఖరీదైన వాటిలో వేగానికి హద్దు పెట్టుకోవచ్చు, ఆపినప్పుడు సూది బట్టలోనే దిగి ఆగేలా కూడా పెట్టుకోవచ్చు. మెలిక మధ్యలో ఆగి చెయ్యి మార్చుకునేవాళ్ళకు అది పెద్ద ఊరట. చవక వాటితోనే చిక్కు. పెడల్ మీద కాలు ఇలా ఆనిస్తే ఏమీ కదలదు, ఇంకొంచెం నొక్కితే గుర్రంలా లంఘిస్తుంది. తేలిక ఒళ్ళు కాబట్టి బల్ల మీద ఊగుతుంది కూడా.

జాగా సంగతిలో రెండూ రెండే. సూదికీ మిషన్ ఒంటికీ మధ్య జానెడు కూడా ఉండదు. డబుల్ కాట్ బొంతను చుట్టి అందులో దూర్చడం మొదటి ఏడాది పని కాదు. దిండు గలీబుతోనో, పసిబిడ్డ పక్కబొంతతోనో మొదలుపెట్టాలి.

చేతికుట్టు బొంత మాటేమిటని మా అత్త అడిగింది. మెత్తబడ్డ పాత చీరలు పొరలుగా పరిచి బారు కుట్లు వేసే ఆ బొంతకు ఉన్న మెత్తదనం మిషన్ కుట్టుకు రాదు, ఒప్పుకుంటాను. వాడుకోవడానికి అదే మేలు. కానీ ఆమె కూతురికి కావాల్సింది బొంత కాదు, ఆ తీగల పని.

ముగ్గు బాగా వేస్తాను కాబట్టి ఇదెంతసేపు అనుకుంటే మాత్రం పొరపాటు. మెలికల ముగ్గులో నేల కదలదు, చెయ్యి కదులుతుంది. ఇక్కడ సూది ఉన్నచోటే ఉంటుంది, ముగ్గు వేసే నేలే జరుగుతుంది. కుడికి ఆకు రావాలంటే బట్టను ఎడమకు జరపాలి. ఈ తిరకాసు బుర్రకెక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది. శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మల్లాంటి అచ్చు ఉన్న చవక నూలు బట్ట కొని, దాని మీది నెమలి బొమ్మ అంచు మీదే సూదిని నడిపిస్తే త్వరగా పట్టుబడుతుంది. చేత్తో గీసిన అసలు కలంకారీని మాత్రం దయచేసి పొడవకండి.

ఏ మిషనైనా ఒక సంగతి. ఈ డార్నింగ్ ఫుట్ బట్టను గట్టిగా నొక్కదు కాబట్టి దించామో లేదో తెలియదు. ఫుట్‌ను దించే వెనక మీట దించకపోతే పై దారానికి బిగువు ఉండదు, బట్ట కింద దారం గూడు కట్టేస్తుంది. ఒక సాయంత్రమంతా కింది దారం చుట్టిన బాబిన్‌నే తిట్టుకుంటూ కూర్చున్నాను, తప్పంతా ఆ మీటది. మొదటి కుట్టుకు ముందు బాబిన్ దారాన్ని కూడా పైకి లాగి పట్టుకోండి. 14 నంబరు సూది కొత్తది వేసుకోండి. మూడు పొరలనూ బెత్తెడుకొక పిన్నీసుతో పట్టించండి, సూది దగ్గరికి వచ్చినప్పుడల్లా తీసేయండి.

మా మరదలు పదో తరగతి నుంచీ జాకెట్లు కుట్టుకుంటోంది, తొక్కుడు దాని కాళ్ళకు నిద్రలో కూడా వచ్చు. అందుకే కొనొద్దన్నాను. డార్నింగ్ ఫుట్ ఒక్కటే తెచ్చుకోమన్నాను. మిషన్ అంటనివాళ్ళు అడిగితే, వేగానికి హద్దు పెట్టుకునే కరెంటు మిషన్ అని చెప్పేదాన్ని. నల్ల మిషన్‌ను వెనక్కి వంచి అడుగు భాగం ఫోటో తీసి పంపమన్నాను. పళ్ళు దించే స్క్రూ ఉంది, తుప్పు పట్టి. రెండు చుక్కలు మిషన్ ఆయిల్ వేసి రాత్రంతా అలా వదిలేయమన్నాను.